ఆరో బొత్తం

కొత్త బండికి నాలుగు నెలలు పడుతుందన్నాడు డోయల్ మార్చుక్.
రంగు ఎంచుకున్నాను: తడిసిన పలక రంగు.
వేడెక్కే సీట్లు కావాలన్నాను, సన్‌రూఫ్ వద్దన్నాను.
అందాకా మేమిద్దరం ఒకే జట్టు.

"మరి పాతది ఎక్స్ఛేంజ్‌లో..." అన్నాక
మా మధ్య బల్ల కాస్త వెడల్పయింది.

థండర్ బేలో ఫిబ్రవరి.
అద్దం అవతల నా స్టేషన్ వాగన్
రోడ్డు ఉప్పంతా ఒంటికి పూసుకుని
పిండిలో దొర్లిన కుక్కలా తప్పు చేసిన మొహంతో నిలబడింది.
వెలకట్టే మనిషి వచ్చాడు, పేరు లెన్నర్ట్.
ఒక చేతిలో టార్చి,
ఇంకో చేతిలో రంగు మందం కొలిచే యంత్రం.
తలుపుకి ఆనించాడు, కూసింది.
బానెట్‌కి ఆనించాడు, కూసింది.
కుడివైపు వెనక రెక్క దగ్గర
యంత్రం కాసేపు ఆలోచించింది.

"దుప్పి గుద్దలేదండీ, ఆనుకుందంతే" అన్నాను.
ఆనుకున్నందుకు మూడు వందలు, అని రాసుకున్నాడు.

తర్వాత షెడ్డులోకి తోలుకుపోయి తలుపు దించాడు.
పది నిమిషాలు.

నేను పియానోలు శ్రుతి చేస్తాను.
ఎడమ ముందు చక్రం బేరింగ్ అరిగిందని
రెండు నెలలుగా నా చెవికి తెలుసు.
ఎనభై దాటితే పాట ఎత్తుకుంటుంది,
తెల్ల మెట్టుకీ నల్ల మెట్టుకీ మధ్య ఇరుక్కున్న స్వరం.
షెడ్డులో ఎవరూ ఎనభై దాటరు.
నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను.

ఏడు వేల నాలుగు వందలు, అన్నాడు డోయల్.
తొమ్మిది, అన్నాను.
మేనేజర్ గదికి వెళ్లాడు.
అద్దం వెనక ఇద్దరూ తలలూపుకున్నారు,
హాకీ గురించే అయ్యుండొచ్చు.
ఏడు వేల తొమ్మిది వందలతో తిరిగొచ్చాడు,
సొంత జేబులోంచి తీసినంత నీరసంగా.

లేచి కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలెట్టాను,
పైనుంచి కిందికి, నింపాదిగా.
మూడో బొత్తం దగ్గర ఎనిమిది వేల రెండు వందలు.
ఐదో బొత్తం దగ్గర ఎనిమిదిన్నర.
ఆరోది ఊడిపోయి చాలా కాలమైంది.

"ఈ ధర ఇవాళ్టిదా, కొత్తది వచ్చిన రోజుదా?"
మా వదిన పిర్క్కో నేర్పి పంపిన ప్రశ్న.
పోయినేడు ఆమె బండికి
ఎదురుచూపుల్లోనే రెండు వేలు కరిగిపోయాయి.
కాగితం మీద రాయించాను.
రాశాడు, కింద చీమల బారులా ఇంకొంచెం:
ఈలోగా మూడు వేల కిలోమీటర్లు మించరాదు.

అమ్మేసిన బండిని నడుపుకుంటూ ఇంటికొచ్చాను.
దుప్పికి కోసిన మూడు వందలకీ
చక్రం సంగతి దాచినదానికీ చెల్లు, అని
దారంతా నాతో నేనే వాదించుకున్నాను.
ఆర్థర్ వీధి మలుపు దాకా నెగ్గాను.

ఇక ఆదివారం ఆదివారం మీటరు చూసి రాసుకోవడం.
కిరాణాకి నడక. లైబ్రరీకి నడక.
పిర్క్కో ఇంటికి బస్సు, అందుకు ఆమె అలక.

ఏప్రిల్ చివర్లో మారథాన్ నుంచి ఫోను.
రానూపోనూ ఆరు వందల కిలోమీటర్లు.
బడిలో పాటలు చెప్పే ఓడెట్ అంది,
"ఒక మెట్టు అసలు పలకడం లేదు.
అది వచ్చినచోట పిల్లలు నోటితో పాడేస్తున్నారు."

వెళ్లాను.
సరస్సు ఒడ్డున తొంభైలో బేరింగ్ గొంతు విప్పింది.
రేడియో పెట్టలేదు.
అక్కడ మెట్టు బాగుచేశాక కూడా
ముందు వరసలో ఒక పిల్లాడు
అలవాటు కొద్దీ పాడుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చి డోయల్‌కి ఫోన్ చేశాను.
"చక్రం సంగతి ఒకటి మీకు చెప్పాలి."
"ఎడమ ముందుదేనా?" అన్నాడు.
"లెన్నర్ట్ ఆ రోజే జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పాడు, గరగరలాడిందట.
అదీ కోసుకునే కదా, ఏడు వేల నాలుగు వందలన్నాం."

మే నెల. కోటుతో పనే లేదు.
అయినా ఆ సాయంత్రం
సూదిలోకి దారం ఎక్కించి
ఆరో బొత్తం కుట్టుకున్నాను.