ఎన్ని ఫీట్లకు పడ్డది

హన్మకొండలో సముద్రం లేదు.
రెండో అంతస్తు ఫ్రిజ్‌లో మాత్రం
బంగాళాఖాతం అడుగు మట్టి
మీటరు మీటరు ముక్కలై
గొట్టాలల్ల పండుకొని ఉంటది.

మా బాపు ముప్పై ఏండ్లు బోరు బండి మీద పనిచేసిండు.
జనగామ దిక్కు రాయి ఏ రంగు దుమ్ము లేపితే
ఎంత లోతుల జల ఉన్నదో చెప్పేటోడు.
గొట్టాల సంగతి చెప్తే అడిగిన మొదటి మాట,
"ఎన్ని ఫీట్లకు పడ్డది?"
రెండో మాట,
"సముద్రంల బోరేసి, నీళ్లిడిసిపెట్టి
మట్టి తెచ్చిండ్రా?"

నవ్వి, మళ్లా మైక్రోస్కోపు మీదికి వంగిన.
మూడు సున్నాల కుంచె కొసకు తడి అద్ది
నల్ల పళ్లెంలోంచి గవ్వలేరుతున్న.
గవ్వంటే గవ్వ కాదు,
గసగసం గింజల మూడోవంతు.
ఒంటి కణం జీవి. కన్ను లేదు, నోరు లేదు,
బతికిన నాలుగు వారాలు
అర మీద అర కట్టుకున్నది.
సున్నంతోటి కట్టుకుంట కట్టుకుంట
అక్కడక్కడ మెగ్నీషియం పెట్టింది,
నీళ్లు వెచ్చగుంటే కొంచెం ఎక్కువ,
సల్లగుంటే తక్కువ.
తెలిసి కాదు.
మేస్త్రి చేతికి ఏ ఇటుక అందితే ఆ ఇటుక.

రహీమున్నిసా మేడం బేరియం చూడుమంటది.
అది నది తెచ్చేది.
మానేరు, కడెం, ప్రాణహిత
గోదావరిల పడి మోసుకపోయిన
మా రాళ్ల రుచి.
గవ్వల బేరియం పెరిగితే
ఆ వందేండ్లు మా దిక్కు
వాన దండిగ కొట్టినట్టు.

చదవాలంటే చిదమాలె.
రెండు గాజుపలకల నడుమ మెల్లగ నొక్కి
అరల ఇరికిన బురద పోయేదాక కడిగి, కడిగి
ఆఖరుకు ఆసిడ్‌ల వేస్తే
ఒక్క బుడగ.
తెర మీద అంకె వచ్చేటాళ్లకు
గవ్వ లేదు.

మొన్న ఎంజీఎంల బాపు దవడపన్ను పీకిండ్రు.
పసుపు చారలు, నడుమ గోధుమ మచ్చ.
ఎనిమిదేండ్లు నిండకముందు తాగిన బాయి నీళ్లు,
ఆ బాయి ఎప్పుడో పూడిపోయింది.
పన్ను అగ్గిపెట్టెల పెట్టి ఇచ్చిండు:
"నీ మిషన్ల ఇది వెయ్యి బిడ్డా,
ఏం నీళ్లు తాగిన్నో చెప్తదా?"

చెప్తది.
కరిగిస్తే చెప్తది.

పదకొండు రోజులాయె,
నైట్రిక్ సీసాల పక్కన అగ్గిపెట్టె.
మేడం చూసి కూడ ఏమనలేదు.

ఇయ్యాల నాలుగు గంటలకు
రెండువందల పది సెంటీమీటర్ల కాడ
బేరియం ఒక్కసారే ఎగిసింది.
ఫోన్ చేసిన.
"బాపూ, ఏడు ఫీట్లకు పడ్డది."

అవుతల కొంచెం సేపు సప్పుడు లేదు.
"తియ్యటియేనా?" అన్నడు.