గోళ్లరంగు

మిట్టూరులో నేనుండే మేడగదికి
రెండు తాళంచెవులు.
ఒకటి నా కొంగుముడిలో,
ఇంకొకటి ఇంటాయన చెంగల్రాయుడన్న మొలతాడుకు.
మోటారు చూడాలనీ, మీటరు రాసుకోవాలనీ
నేను లేనప్పుడే ఆయనకు గుర్తొస్తుంది.
ఆయన బావమరిది
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.
మిగతాది చెప్పక్కర్లేదు.

నా కంప్యూటర్లో
నలభై ఒక్కమంది ఆడవాళ్లున్నారు.
తోతాపురి తొక్కలు తీసి తీసి
వేళ్లసందులు పుండ్లుపడినవాళ్లు,
రెండు సీజన్ల కూలి రావాల్సినవాళ్లు.
పేరు, ఊరు, తేదీ, బాకీ ఎంత,
రాత్రిళ్లు వాళ్లు చెప్తే నేను టైపు కొట్టాను.
"పేరు బయటికి పోదు కదమ్మే?"
అందరూ అడిగారు,
చివర్లో, చెప్పులేసుకుంటూ.

పాస్‌వర్డ్ ఉందిలే అనుకున్నాను.
బజారువీధి రిపేరు జిలానీ నవ్వాడు:
"అది తలుపుకు గొళ్లెమక్కా.
స్క్రూడ్రైవరున్నోడు గోడనే ఎత్తకపోతాడు.
డిస్కు ఊడబీకి ఇంకో మిషనుకు తగిలిస్తే
నీ గొళ్లెం ఈడనే ఏలాడతా ఉంటాది."

అందుకని డిస్కంతా పిండి పట్టించాం.
ఒక రాత్రంతా తిరిగింది మర.
ఇప్పుడా పిండిని మళ్లీ గింజలు చేయాలంటే
ఆరు మాటలు కావాలి,
ఒకదానికొకటి చుట్టరికం లేనివి.
ఆరూ నాకొచ్చు. నాకేమన్నా అయితే?
మూడు మునెమ్మకు నేర్పాను, మూడు దేశమ్మకు.
ఇద్దరికీ అక్షరం రాదు,
ఒకరివి ఒకరికి తెలీవు.
మునెమ్మ పొయ్యి దగ్గర గొణుక్కుంటా ఉంటే
గాలి సోకిందని కోడలు నిమ్మకాయ దిగదుడిచిందంట.

నీళ్లకు దిగినా మిషను పూర్తిగా ఆపే దిగుతాను.
ఉత్త నిద్రలో ఉన్న మిషను కలవరిస్తుందంట,
ఆ కలవరింతలో తాళం దొరుకుతుందంట.

పెట్టె వెనక స్క్రూ మీద
ఒక చుక్క గోళ్లరంగు, మెరూన్‌ది.
గంగజాతరలో కొన్న పదిరూపాయల సీసా.
నా గోళ్లకు ఒక్కసారీ వేసుకోలేదు.

మొన్న శుక్రవారం వచ్చి చూస్తే
చుక్క మధ్యలో పగులు,
వెంట్రుకంత.

ఆ పూట అన్నం సయించలేదు.
ఆ మిషను మీద మళ్లీ ఆరు మాటలూ కొట్టలేదు.
తీసుకుపోవడానికి వచ్చిన చెయ్యి
ఏదైనా పెట్టి కూడా పోయుండచ్చు.
రాత్రంతా మెట్లమీద
నలభై ఒక్క జతల చెప్పుల చప్పుడు.

ఆదివారం, కొళాయి దగ్గర,
చెంగల్రాయుడన్న వేపపుల్ల నములుతూ
"ఏమ్మా, కంప్యూటరు పాడైందా?
అంతా పిచ్చిగీతలే వస్తా ఉండాదంట" అన్నాడు.
అన్నాక
నోట్లో పుల్ల ఆగింది.

నేను బిందె చంక మార్చుకున్నాను.
"బాగానే ఉందన్నా.
ఈ నెల మీటరెంత తిరిగింది?"