నడిమి గడి

మొయ్‌నాక్‌లో మా స్టూడియోకి
పాస్‌పోర్టు ఫొటోలకే వస్తారు జనం.
తెల్లగోడ, స్టూలు, ఒక లైటు.
కదలొద్దంటాను, ఆటో కలర్ నొక్కుతాను,
ముఖాల మీంచి ఉప్పుదుమ్ము దిగిపోతుంది.
తరువాతి మనిషి.

మంగళవారం బిబిసానెమ్ అవ్వ వచ్చింది.
రొట్టెలు చుట్టే గుడ్డ విప్పి ఒక ఫొటో తీసింది:
పడవ అంచున ఆమె మొగుడు తోలిబాయ్,
చేతిలో మోకాలెత్తు చేప,
వెనక సముద్రం ఉండాల్సిన చోట
బీట్‌రూట్ కడిగిన నీళ్ళ ఎరుపు.
పాత ఫొటోల్లో ముందు చచ్చేది నీలమే.

స్కాన్ చేసి, అలవాటు కొద్దీ నొక్కాను.
చిటికెలో సముద్రం తిరిగొచ్చింది,
క్యాలెండర్ మీద అచ్చేసినంత నీలంగా.
అవ్వ కళ్ళజోడు సర్దుకుంది.
"ఇదెవరి సముద్రం?" అంది.

ఆప్షన్స్ తెరిచాను, ఏడేళ్ళలో మొదటిసారి.
నీడలకో గడి, మెరుపులకో గడి,
నడిమి గడిలో బూడిదరంగు
ఏ ఊరిదీ కాని పెద్దమనిషిలా కూర్చుని ఉంది.
"మరి ఏ రంగవ్వా?"
"గ్రీన్ టీలో పాలు పోసి మరిచిపోతే ఉంటుందే, అది."

టీ పెట్టాను. పాలు తనే పోసింది,
ఒక చుక్క, ఆగి, ఇంకో చుక్క.
పియాలాని మానిటరు పక్కన పెట్టి
అవ్వ చాలనేదాకా కర్సర్‌ని జరిపాను.

మెరుపుల పక్కన ఒక చిన్న అంకె:
సున్నా పాయింట్ ఒకటి శాతం.
అంటే వెయ్యి చుక్కల్లో అన్నిటికన్నా వెలిగే ఒక్కదాన్ని
వట్టి తెలుపులో కలిపెయ్యమని.
ఏమిటా ఒక్కటి అని పెద్దది చేసి చూశాను.
తోలిబాయ్ పన్ను.
సున్నా కొట్టాను.
బంగారం.

అవ్వ ఏడవలేదు.
కొలతకు పెట్టిన టీ చల్లారినా తాగేసి
ఎంతివ్వాలంది.

బుధవారం లారీ డ్రైవర్ జల్గాస్ వచ్చాడు,
కజాఖ్‌స్తాన్‌లో పనట.
నొక్కాను.
వాడి చెంపల్లోకి సన్నగా పాలపచ్చ ఎక్కింది.
"నాకేమన్నా కామెర్లా?" అని అద్దం అడిగాడు.
'ఇదే డిఫాల్ట్' అన్నచోట టిక్కు
నిన్న నేనే పెట్టినట్టున్నాను.

వాడు పుట్టేనాటికే
నీళ్ళు ఊరు వదిలి చాలా దూరం పోయాయి.
అలల మాట తాతల నోట వినడమే.

ఇలా ఇస్తే ఆఫీసువాళ్ళు తిప్పి పంపుతారు.
మార్చాను.
వాడి ఫొటో వరకు మార్చాను.
టిక్కు అలాగే ఉంది.