పదమూడో గడి

పదమూడో గడి ఒక్కటే ఖాళీ.
మిగతావన్నీ నింపుకొచ్చాడు సదాశివన్,
ఆలెప్పీ నుంచి ఒకటిన్నర రోజు రైల్లో కూర్చుని
రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో.
చంకలో సంఘం బైలాలు: మలయాళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి,
ఎవరిచేతో తెలుగు చేయించింది ఒకటి.
అందులో కొబ్బరి పీచు అని ఉండాల్సిన చోటల్లా
కొబ్బరి పిచ్చి అని పడింది.
నేను దిద్దలేదు.
అంబాజీపేటకి ఇంత దగ్గర్లో అదేమంత తప్పు కాదు.

"బయటి రాష్ట్రపు సహకార సంఘము
ఈ రాష్ట్రమున వ్యాపారము చేయుటకు అనుమతి కోరు దరఖాస్తు."
అమలాపురంలో, ఫ్యాను కింద, నా కుర్చీ.
ముప్పయ్యేళ్లుగా నా సంతకం
సంఘాల్ని పుట్టించింది తక్కువ,
పాతిపెట్టింది ఎక్కువ.

పదమూడో గడి అడిగేది ఇంతే:
రేపు మీ మీద దావా పడితే
ఈ గడ్డ మీద ఆ కాగితం ఎవరి చేతికివ్వాలి?

సదాశివన్ వెనక్కి తిరిగాడు.
బెంచీ మీంచి లేచింది గుత్తుల అమ్మాజీ.
గోళ్లలో ఇంకా పీచు పొట్టు,
చీరకి కాలవలో నానిన డొక్కల వాసన.
"నా పేరు రాయండి బాబూ.
లాకుల దగ్గర, గట్టు మీద, నీలం తలుపు.
పోస్టుమేన్‌కి తెలుసు."

కోర్టు కాగితమమ్మా, అన్నాను.
వీళ్లు డబ్బెగ్గొడితే
అందరూ నీ గుమ్మంలోకే వస్తారు.

"రావాలనే కదండీ.
మనోళ్ల సంఘం మూసేసినప్పుడు
ఎవరి గుమ్మానికెళ్లాలో మాకెవరు చెప్పారు?
ప్రెసిడెంటు గారు కాకినాడ చేరిపోయారు,
సెక్రటరీ గారు గుండాగి పోయారు,
బోర్డు ఊడదీసి ఎవరో పాక దడికి కట్టుకున్నారు.
పది రూపాయల వాటాలు, మా అత్తవీ నావీ నలభై,
పెట్టెలో ఉన్నాయి.
ఎలక కూడా ముట్టదు."

ఫ్యాను తిరుగుతోంది.
ఆ సంఘానికి లిక్విడేటర్ని నేనే.
తాళం నాదే, లక్క సీలు నాదే,
రెండు తాడు మిషన్లని పాత ఇనుము ధరకి
వేలం పాడించిందీ నేనే.
ఆమెకి గుర్తుందో లేదో.
ఉన్నట్టే చూసింది.

తెలుగు రాని సదాశివన్
మా ఇద్దరి మొహాలూ చూసి
ఏదో కాగితం తక్కువైందనుకుని
సంచి వెతుక్కుంటున్నాడు.

ఊళ్లోవాళ్ల ఫారంలో పదమూడో గడి లేదు.
ఇక్కడే పుట్టారు, ఎక్కడికి పోతార్లే
అనుకుందేమో చట్టం.

అమ్మాజీ సంతకం
అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కుంటూ
గడి దాటి మార్జిన్లోకి పోయింది.
రూలు ప్రకారం కొత్త ఫారం ఇవ్వాలి.
నేను తడి ఆరేదాకా ఊది
ముద్ర కొట్టాను.
సిరాలో ఒక పీచు పోగు అతుక్కుపోయింది.
దాంతోనే పై ఆఫీసుకి పంపాను.