ఒక చప్పుడు తెండి

ఆరో తరగతి, బి సెక్షను.
అన్నం గంటకు ముందు పీరియడు.
బోర్డు మీద రాశాను: ధ్వన్యనుకరణ పదాలు.
రాస్తుంటే సుద్దముక్క జారింది.
"కీచ్" అంది ముందు బెంచీలో షాహీనా, అచ్చం అలాగే.
అందరూ నవ్వారు.
పాఠం సగం అక్కడికే అయిపోయింది,
నాకే తెలీలేదు.

పుస్తకంలో ఖాళీలు.
సెలయేరు ______ పారింది.
"సెలయేరంటే ఏంది మేడం?"
కళ్యాణదుర్గం దాటి ఇరవై కిలోమీటర్లు,
బస్సు వచ్చి వెనక్కి తిరిగే ఊరు ఇది.
కొండ, బండ, మలుపు, చేత్తో గాలిలో గీసి చూపించాను.
"ఓ, వంక" అన్నాడు తిప్పేస్వామి.
"మా వంక గలగల అనదు మేడం.
ఎర్రగా బుసబుసమని వస్తాది, ఒక్క పూట.
మళ్ళా ఇసకే."
సరే, బుసబుస అనే రాసుకో అన్నాను.

బడిగంట ______ మోగింది.
గణగణ అట.
మా గంట రైలుపట్టా ముక్క, వేపకొమ్మకు వేలాడుతుంది.
ఠంగు అని కొందరు, కాదు ఠణక్ అని కొందరు,
తరగతి రెండు పార్టీలైంది.
ఒకసారి కొట్టి రండి అనబోయి
హెడ్మాస్టరు గుర్తొచ్చి మింగేశాను.

ఆ తర్వాత తప్పు చేశాను.
"చప్పుడు నుంచే ఈ మాటలు పుడతాయి" అన్నాను, గొప్పగా.
"మరి ఆకలి నకనకలాడతాది గదా మేడం,
నకనక యాడ ఇనపడ్తాది?"
చుక్కలు మిలమిల? ఎండ చురచుర?
మాయమ్మ నా మీద రుసరుస?
బీఈడీలో ఎవరూ చెప్పలేదు నాకిది.
మన భాషకు ఒళ్ళంతా చెవులే కాబోలు.
బోర్డుకు మధ్యలో గీత కొట్టాను,
చప్పుడున్నవి ఇటు, లేనివి అటు.
రేపు ఇంటి నుంచి తలా ఒక చప్పుడు తెండి అన్నాను.

తెచ్చారు.
సంగటి కుతకుత.
షాహీనా వాళ్ళమ్మ కుట్టుమిషను టకటక,
రంజాను ముందైతే టకటకటకటక అని
గీత దాటి రాయాలట.
గంగరత్న విత్తనం కాయ తెచ్చింది, పిడికిట్లో దాచి.
"రాత్రంతా వొలుస్తారు మేడం, మాయమ్మా జేజీ.
టప్. టప్. కిలోకింత అని.
నేను లెక్కపెడ్తా పండుకుంటా."
కాయను నా చెవి దగ్గర ఆడించింది.
"గలగల అంటే బాగా ఎండినట్టు.
మూడు గింజలుంటే ఇంగో రకం."
ఏ రకమో చెప్పలేక కాయ నాకే ఇచ్చేసింది.

వన్నూరుస్వామి లేచాడు. చేతిలో ఏమీ లేదు.
"మా బోరు మేడం.
స్విచ్చేస్తే ముందు గుయ్యిమంటాది.
పోయినేడు భళభళ పోసేది.
ఉగాదికి సన్నగా సుర్రు.
మొన్న గొరగొరమని వట్టి గాలే.
నిన్న..."
నిన్న?
"నిన్న గమ్మున."

గమ్మున.
రోజుకు ఇరవైసార్లు వీళ్ళ మీద విసిరే మాట.
గమ్మునుండండి. గమ్మున కూచోండి.
దాన్ని గీతకు ఎటు రాయాలి?
ఉండి పోయిన చప్పుడుకు
నేను గడి గీయలేదు.
సుద్దముక్క వేళ్ళలో నలిగి రాలింది.

అంతలో రైలుపట్టా మోగింది.
"ఇనండి మేడం, ఠణక్కే!" తిప్పేస్వామి ఎగిరాడు.
పళ్ళాలు ఖంగుఖంగున తలుపు దాటాయి.
వన్నూరుస్వామి అందరికంటే ముందు పరుగెత్తాడు.
వాడికీ పదకొండేళ్ళే గదా.

జూలై ఆఖరు. ఎఫ్‌ఏ వన్ పేపర్లు దిద్దుతున్నాను.
విత్తనం కాయలు ఊళ్ళో ఇంకా మూటల్లోనే ఉన్నాయి.
వాన ______ కురిసింది.
ముప్పై నాలుగు మంది చిటపట అని రాశారు,
మార్కు కోసం, బుద్ధిగా.
ఒకడు ఖాళీని ఖాళీగానే వదిలి
చివరి మాటను పెన్సిలుతో సన్నగా కొట్టేశాడు.

ఎర్రపెన్ను మూత తీశాను.
పెట్టాను. టిక్కుమంది.
హ్యాండుబ్యాగులో అడుగున గంగరత్న కాయ తగిలింది.
చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను.
రెండో, మూడో
నాకింకా తెలియడం లేదు.