అరువు గడియారం

అక్టోబరు ఆఖరి ఆదివారం.
ఎస్టోనియాలో ఆ రాత్రి మూడు గంటలు రెండుసార్లు కొట్టాలి.
ఉర్మెట్ రాసిన గడియారం ఒక్కసారే కొట్టింది.

తెల్లవారుజామున రేవులో
పాల లారీ, పెళ్ళి కేకుతో బేకరీ వ్యాను,
సైకిల్ పట్టుకుని వణుకుతున్న ఓ నర్సు,
అందరూ హీయుమా దీవికి.
ఎదురుగా తెల్లటి పడవ, దీపాలన్నీ వెలిగి.
గేటు మాత్రం
"మీ పడవ ఇప్పుడే వెళ్ళిపోయింది" అంటోంది.

పదకొండు వారాలు చెక్కాడు దాన్ని.
అందంగానే రాశాడు, ఒప్పుకోవాలి,
ప్రతి ఫంక్షన్‌కీ ఒక పక్షి పేరు.
అప్పుడే చెప్పాను,
లోకంలో గంటల లెక్కంతా
ఏళ్ళ తరబడి ఎవరెవరో కూర్చుని రాసిపెట్టారు,
ఏ దేశం ఏ రాత్రి ముల్లు వెనక్కి తిప్పిందో సహా,
ఉచితం, తెచ్చుకో అని.
"ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోడ్" అన్నాడు.
తన కోడి కూస్తేనే తెల్లారుతుందనుకున్న ముసలమ్మ
ఇరవై ఆరేళ్ళ కుర్రాడిలోనూ ఉంటుంది.

నాలుగు వేల లైన్లు తుడిచేశాను. వాటి చోట ఒక్క లైను.
అతను సింకు దగ్గర కప్పు కడుగుతూ నిలబడ్డాడు చాలాసేపు,
అప్పటికే శుభ్రంగా ఉన్న కప్పు.

ఫిబ్రవరిలో సముద్రం గడ్డకట్టింది.
పడవల చోట కార్లు, మంచు మీద దారి.
గెలిచిన ఊపులో నేనే వెతికి తెచ్చాను
మంచు ఎంత బరువు మోస్తుందో చెప్పే లెక్క,
వేలమంది వాడినది, ఎక్కడో సరస్సుల దేశంలో పుట్టినది.
మూడు టన్నులు సరే అంది, ఆకుపచ్చగా.

దారి కాపలా హెల్దుర్ బర్మా దింపి
పైకొచ్చిన ముక్కను నాలిక చివర పెట్టుకుని చూశాడు.
ఇంకో ముక్క నాకిచ్చాడు.
ఉప్పు.
"నీది మంచినీళ్ళ లెక్క," అన్నాడు, "మన మంచు ఇంకా మెత్తన."

పొరుగింటి పుల్లకూర.
ఉర్మెట్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.
తొమ్మిది రోజులు హెల్దుర్ వెంట నడిచాడు,
ఎర్రబడ్డ ముక్కు, జేబులో తడిసిన నోట్‌బుక్కు.
రెండు వందల లైన్లు రాశాడు.
ఈ ఇరవై ఆరు కిలోమీటర్లు దాటితే అవి ఎందుకూ పనికిరావు.

ఇప్పుడు ఎవరి కోడ్ తెచ్చుకున్నా
ముందు అడుగుతాను, ఏ నీళ్ళలో కొలిచారని.
ఒక్కోసారి ఎవరూ బదులివ్వరు.

శనివారం ఆ దారినే వెళ్ళాం.
మంచు మీద సీటు బెల్టు పెట్టుకోకూడదు, ఇక్కడి నియమం.
డాష్‌బోర్డు మీద అరువు గడియారం,
చక్రాల కింద ఉర్మెట్ లెక్క.
నా చెయ్యి మాత్రం
తలుపు పిడి మీదే ఉంచుకున్నాను.