లోపలి బూట్లు

ఏప్రిల్ మొదటివారం పైపస్ సరస్సు మీద
మంచు నల్లబడి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చి
గాజుపెంకుల్లా గలగలమంటుంది.
దాని వెనకే వస్తాయి పెద్దబాతులు, హంసలు.
డెబ్బై ఏళ్లు వాటికోసం చెవి రిక్కించినదాన్ని,
ఈ ఏడు మాత్రం
ఆకాశంలో గీత కనబడగానే
కోళ్లగూటి గొళ్లెం తడిమి చూసుకున్నాను.

పదకొండు పెట్టలు, ఒక పుంజు.
పెట్టలకు మా ఆయన మేనత్తల పేర్లు పెట్టాను:
ఫెతీన్యా, మలాన్యా, అగాఫ్యా, ఆ వరస.
పైనున్నవాళ్లు ఏమనుకున్నా సరే,
పిలిస్తే పలికేది ఇవే.

తార్తు నుంచి పశువైద్యురాలు మారిక వచ్చి
వీధి చివరే కారాపి, గేటవతలే నిలబడి చెప్పింది:
ఉలీతా అత్తా, మే నెలాఖరుదాకా లోపలే ఉంచు.
పైన రేకు, చుట్టూ వల, పిచ్చుక కూడా దూరకూడదు.
సరస్సు నీళ్లొద్దు, బావినీళ్లే పొయ్యి.
గింజల మీద మూత.
ఒడ్డున చచ్చిన పిట్ట కనబడితే ముట్టుకోకు, ఫోన్ చెయ్యి.
గూట్లోకి వేరే బూట్లు.

వేరే బూట్లు నాకెక్కడివి, అన్నాను.
అన్నాక గుర్తొచ్చింది.

మెట్ల కింద గోనెసంచిలో సావెలి బూట్లు.
మోకాళ్లదాకా రబ్బరు, కుడిదానికి అతుకు.
నలభై శీతాకాలాలు మంచు మీద నడిచినవి,
మంచుకు కన్నం తొలిచి వల దించినవి,
ఒకసారి రష్యావైపు గీత కూడా దాటొచ్చాయని
తాగినప్పుడు చెప్పేవాడు,
తాగనప్పుడు కాదనేవాడు.
మడమల్లో గడ్డి కుక్కితే నాకు సరిపోయాయి.
ఊరూరూ తిరిగిన ఆ బూట్లు
ఇప్పుడు గూటి గడప దాటవు.
నావి బయట, ఆయనవి లోపల,
నడుమ తట్టలో మందునీళ్లు.
గోడ పట్టుకుని, కొంగలా ఒంటికాలి మీద,
రోజుకు రెండుసార్లు మారతాను.

ఆయన సన్నకన్ను వలే కిటికీకి కొట్టాను.
పెట్టలు విసుగెత్తి ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటే
దూలానికి కాబేజీ వేలాడదీశాను.
పుంజుకు పొద్దు తెలియడం లేదు,
అర్ధరాత్రి కూస్తోంది.
నేనూ లేచి ప్రార్థన మొదలుపెట్టి
గడియారం చూసి మళ్లీ పడుకుంటున్నాను.

ఎదురింటి స్తెపనీద నవ్వింది,
ఎండ మొహం చూడని కోడి పెట్టేదీ గుడ్డేనా అని.
ఆమె బాతులు పొద్దున సరస్సుకు పోయి
సాయంత్రం వాటంతటవే ఇంటికొచ్చేవి.
ఇరవయ్యో తేదీన రెండు
మెడలు వంకర తిప్పి గుండ్రంగా తిరిగాయి.
మర్నాటికి ఆరు.
ఆ మర్నాడు తెల్లసూట్లవాళ్లు వచ్చారు.
చీకటిపడేసరికి దొడ్డిలో
సున్నం, ఒక బోర్లించిన గిన్నె.

మా వీధిలో ఏ ఇంట చావొచ్చినా
పిండీ ఉల్లిపాయలూ పట్టుకుని
ముందు వెళ్లేదాన్ని నేనే.
ఆవేళ కంచె ఇవతల నిలబడి పేరు పెట్టి పిలిచాను.
ఆమె చెయ్యి ఊపింది,
రమ్మనో, పొమ్మనో.
నేను వెళ్లలేదు.

క్లిమెంతి చేపలు తెచ్చాడు.
ఒడ్డుబురద అతని పిక్కలదాకా ఉంది.
బకెట్ గేటు దగ్గరే పెట్టమన్నాను.
సమోవార్ లోపల మరుగుతున్న చప్పుడు
అతనికీ వినబడుతూనే ఉంది.
మా అమ్మ బతికుంటే నా చెంప పగిలేది.
అతను ఏమీ అనలేదు, టోపీ సర్దుకుని పోయాడు.
గేటుకు ఒక ఉల్లిజడ కట్టాను.
మర్నాటికి లేదు.
అతనే తీసుకున్నాడని అనుకుంటున్నాను.

రాత్రి పెద్దబాతులు మళ్లీ వెళ్లాయి,
ఇంటి మీదుగా, బాగా కిందుగా.
గూట్లో మలాన్యా నిద్రలోనే ఏదో గొణిగింది.
టార్చి తీసుకుని వెళ్లి, బూట్లు మార్చి,
చీకట్లో ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టాను.
పదకొండు. మళ్లీ పదకొండు.
ఆయన బూట్లలో నా పాదాలు చల్లబడ్డాయి.
పైన రేకు మీద ఏదో టప్పున పడింది,
వానచుక్కో, రెట్టో.
తెల్లారగానే నిచ్చెన వేసి కడగాలి.